హాలోవీన్: కుటుంబ సంప్రదాయం

హాలోవీన్ ఏటా అక్టోబరు 31 సాయంత్రం జరుపుకొనే పండుగ. ఐర్లాండ్, స్కాట్లాండ్ పల్లెల్లో రూపుదిద్దుకొని, 19వ శతాబ్దపు వలసలతో ఉత్తర అమెరికా చేరింది. అక్కడ 20వ శతాబ్దంలో పిల్లలూ పెద్దలూ కలిసి చేసుకొనే వేడుకగా స్థిరపడింది. వేషాలు వేయడం, గుమ్మడికాయను తొలిచి లోపల దీపం పెట్టడం, పిల్లలు ఇంటింటికీ తిరిగి చాక్లెట్లు, మిఠాయిలు పోగుచేసుకోవడం దీని ప్రధాన ఆచారాలు. మూలాలు ఎంత పాతవైనా, ఈనాడు మనం చూస్తున్న కుటుంబ పండుగ వయసు నూరేళ్లకు అటూఇటూగా ఉంటుంది. అల్లరి మూకల రాత్రిగా పేరుపడ్డ దాన్ని పిల్లల పండుగగా మలిచినవారు తల్లిదండ్రులు, బడులు, ఊరి సంఘాలు, పురపాలక అధికారులు. హాలోవీన్ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన మలుపు అదే గనుక ఈ వ్యాసం దానికే ఎక్కువ చోటిస్తుంది.

## పేరు, తేదీ, పరిధి

పాశ్చాత్య క్రైస్తవ పంచాంగంలో నవంబరు 1 సకల పునీతుల పండుగ, నవంబరు 2 సకల ఆత్మల స్మరణ దినం. వీటిలో మొదటి పండుగకు ముందటి సాయంత్రమే హాలోవీన్. పేరు స్కాట్లాండ్ వాడుకలోంచి వచ్చింది. అమెరికాలో ఇది ప్రభుత్వ సెలవు కాదు. బడులూ ఆఫీసులూ మామూలుగానే నడుస్తాయి, వేడుక పొద్దుగూకే వేళ మొదలవుతుంది. ఐర్లాండ్‌లో మాత్రం అక్టోబరు చివరి సోమవారం సెలవు. అక్కడి బడులకు ఆ వారంలోనే టర్మ్ మధ్య విరామం వస్తుంది.

హాలోవీన్ పేరుతో నేడు రెండు వేర్వేరు వేడుకలు జరుగుతున్నాయి. ఒకటి పబ్బుల్లో, వీధుల్లో యువత చేసుకొనేది. రెండోది ఇంటి గడప నుంచి మొదలై ఇరుగుపొరుగు గడపల మీదుగా తిరిగి ఇంటికే చేరేది. ఈ వ్యాసం రెండోదాని గురించి.

## చరిత్ర

### సావిన్, సకల పునీతుల పండుగ

ఐర్లాండ్, స్కాట్లాండ్, మాన్ ద్వీపం ప్రజల పాత పంచాంగంలో నవంబరు 1తో చలికాలం మొదలయ్యేది. ఆ సందర్భాన్ని సావిన్ అనేవారు. వేసవి బీళ్లలో మేసిన పశువులను అప్పటికి ఇళ్లకు తోలుకొచ్చేవారు. చలికాలమంతా మేపలేనివాటిని కోసేవారు. మధ్యయుగపు ఐరిష్ కథల్లో ఈ రాత్రి మానవ లోకానికీ, మట్టిదిబ్బల కింద ఉండే అతిలోక జాతికీ మధ్య తలుపులు తెరుచుకుంటాయి. రోస్‌కామన్ కౌంటీలోని రాత్‌క్రోఖన్ వద్ద ఉన్న గుహ అలాంటి ద్వారాల్లో ఒకటని కథలు చెబుతాయి.

సావిన్ మృతుల పండుగ అనీ, కెల్టు జాతుల నూతన సంవత్సరం అనీ చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. నూతన సంవత్సర ప్రతిపాదన 19వ శతాబ్ది చివర జాన్ రీస్ అనే వెల్ష్ పండితుడిది. అటు తర్వాత మానవశాస్త్రవేత్త జేమ్స్ ఫ్రేజర్ వంటివారి రచనలతో ఈ భావాలు బాగా వ్యాపించాయి. బ్రిటన్ చరిత్రకారుడు రొనాల్డ్ హటన్ 1996లో వెలువరించిన గ్రంథంలో ఈ ఆధారాలను తిరిగి పరిశీలించి, సావిన్ ఒక పెద్ద ఋతుసంధి పండుగ అనడానికి సాక్ష్యం ఉందిగాని, అది మృతుల పండుగ అనడానికి తగినంత లేదని తేల్చాడు.

చర్చి వైపు చరిత్రకు తేదీలు దొరుకుతాయి. 609 మే 13న నాలుగో బోనిఫేస్ పోపు రోములోని పాంథియాన్ ఆలయాన్ని మరియమ్మకూ వేదసాక్షులందరికీ అంకితం చేశాడు. ఎనిమిదో శతాబ్దంలో మూడో గ్రెగరీ పోపు పునీతులందరి పేర ఒక ప్రార్థనాలయం ఏర్పరచాడు. 835లో నాలుగో గ్రెగరీ కాలంలో నవంబరు 1 నాటి పండుగ ఫ్రాంకుల సామ్రాజ్యమంతటికీ విస్తరించింది. ఐర్లాండ్‌లో తొలినాళ్లలో పునీతులందరి స్మరణ ఏప్రిల్‌లో జరిగేది. కాబట్టి సావిన్‌ను రూపుమాపడానికే చర్చి ఆ తేదీని ఎంచుకుందన్న ప్రచారాన్ని అలాగే ఒప్పుకోవడం కష్టం. సకల ఆత్మల దినం క్లూనీ మఠాధిపతి ఒడిలో చొరవతో క్రీ.శ. 1000 తర్వాతి దశాబ్దాల్లో వ్యాపించింది.

ఇంటింటికీ తిరిగే ఆచారానికి ఒక మూలం ఇక్కడే ఉంది. మధ్యయుగపు ఇంగ్లండ్‌లో ఈ రోజుల్లో పేదలూ పిల్లలూ ఇళ్ల ముందుకు వచ్చి, ఆ ఇంటి మృతుల కోసం ప్రార్థిస్తామని మాటిచ్చి, ఆత్మ రొట్టెలనే చిన్న తీపి రొట్టెలు పుచ్చుకొనేవారు. ప్రొటెస్టెంటు సంస్కరణ ఆ ప్రార్థనల్ని తోసిపుచ్చినా, చెషైర్, ష్రాప్‌షైర్ వంటి ప్రాంతాల్లో రొట్టెల కోసం తిరగడం 19వ శతాబ్దం దాకా మిగిలింది.

### పొయ్యి చుట్టూ పండుగ

18, 19 శతాబ్దాల్లో స్కాట్లాండ్, ఐర్లాండ్ ఇళ్లలో హాలోవీన్ అంటే పొయ్యి దగ్గర కూడి ఆటలాడుకొనే రాత్రి. స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ 1785లో ఈ రాత్రి పేరుతోనే రాసిన దీర్ఘకవిత, దానికి ఆయన స్వయంగా జోడించిన వివరణలు ఆ ఆటలకు నమ్మదగిన దాఖలా. పెళ్లికెదిగినవారి పేర్లు పెట్టి రెండు పప్పుకాయలను నిప్పుల్లో పక్కపక్కన వేసేవారు. రెండూ నెమ్మదిగా కాలితే జంట కుదురుతుందనీ, ఒకటి చిటపటలాడి ఎగిరిపోతే కుదరదనీ జోస్యం. నీళ్ల తొట్టిలో తేలే ఆపిల్ పండ్లను చేతులు వాడకుండా నోటితో అందుకోవడం, దారానికి వేలాడదీసిన పండును కొరకడం పిల్లల ఆటలు. ఐరిష్ చిత్రకారుడు డేనియల్ మక్లీస్ 1833లో గీసిన పెద్ద చిత్రంలో ఈ సందడి అంతా కనిపిస్తుంది. అంతకుముందు ఏడాది కార్క్ కౌంటీలోని బ్లార్నీలో తాను హాజరైన విందు దానికి ప్రేరణ. ముసలివాళ్లు, పసిపిల్లలు, వాయిద్యగాళ్లు, ప్రేమజంటలు అంతా అందులో ఒకే కప్పు కింద ఉంటారు.

ఐర్లాండ్‌లో ఆ రాత్రి వంటకాలు కూడా జోస్యం చెప్పేవే. ఎండుద్రాక్ష వేసి కాల్చే బామ్‌బ్రాక్ రొట్టెలో ఉంగరం, నాణెం, గుడ్డపీలిక, పుల్లముక్క వంటివి దాచేవారు. ఉంగరం వచ్చినవారికి పెళ్లి, నాణెం వచ్చినవారికి కలిమి, గుడ్డపీలిక వచ్చినవారికి లేమి. బంగాళదుంపలు, కేబేజీ కలిపి మెదిపే కాల్కనన్ ఆనాటి భోజనం. బామ్‌బ్రాక్ నేటికీ ఐర్లాండ్ దుకాణాల్లో అక్టోబరులో దొరుకుతుంది, చాలావాటిలో ఉత్తుత్తి ఉంగరం ఒకటి ఉంటుంది.

వేషం వేసుకొని ఇంటింటికీ వెళ్లడాన్ని స్కాట్లాండ్‌లో గైజింగ్ అంటారు. అక్కడి నియమం ప్రకారం పిల్లలు పాటో పద్యమో హాస్యోక్తో వినిపించాకే పండో పప్పుకాయలో చేతికి వస్తాయి. విక్టోరియా రాణి 1860ల్లో బాల్మొరల్ కోటలో తన కుటుంబంతో కాగడాల ఊరేగింపుగా హాలోవీన్ జరుపుకొన్నది. రాణి రాతల్లో ఆ ముచ్చట నమోదైంది. పల్లె ఆచారం మధ్యతరగతి ఇళ్లకు గౌరవప్రదంగా చేరడానికి అది కొంత దోహదపడింది.

### అట్లాంటిక్ దాటాక

1845లో మొదలైన ఐర్లాండ్ మహాకరవు లక్షలాది మందిని అమెరికాకు తరిమింది. వారూ, స్కాట్ వలసదారులూ తీసుకెళ్లిన అలవాట్లలో హాలోవీన్ ఒకటి. 19వ శతాబ్ది చివరికి అమెరికన్ మహిళా పత్రికలు దీన్ని ఇంట్లో ఇచ్చే విందుగా వర్ణించసాగాయి. మసాచుసెట్స్‌లోని డెన్నిసన్ అనే కాగితపు సరుకుల సంస్థ 1909 నుంచి అలంకరణ, వేషాలు, ఆటల సూచనలతో చిన్న పుస్తకాలు వెలువరించింది. నారింజ, నలుపు రంగుల ముడత కాగితాలు ఆ కాలపు ఇళ్ల గుర్తు.

దీపంలో కూడా మార్పు ఈ దశలోనే వచ్చింది. ఐర్లాండ్, స్కాట్లాండ్‌లలో టర్నిప్ దుంపను తొలిచి భయంకరమైన ముఖం చెక్కి లోపల నిప్పు పెట్టేవారు. మేయో కౌంటీలోని గ్రామీణ జీవన మ్యూజియంలో అలాంటి ఒక దుంప నమూనా ఉంది. అది గుమ్మడి దీపం కన్నా ఎంతో భయపెడుతుంది. స్వర్గానికీ నరకానికీ చెల్లక, నిప్పుకణిక పెట్టిన దుంపతో చీకట్లో తిరుగుతుండే పిసినారి జాక్ కథ దీనికి ఐరిష్ జానపదులు చెప్పే కారణం. అమెరికాలో గుమ్మడికాయ విరివిగా పండుతుంది, పెద్దది, గుజ్జు తీయడం తేలిక. అందువల్ల టర్నిప్ స్థానం దానికి దక్కింది.

### అల్లరి రాత్రి పిల్లల రాత్రి అయిన తీరు

20వ శతాబ్దపు తొలి మూడు దశాబ్దాల్లో అమెరికా పట్నాల్లో అక్టోబరు 31 అంటే గృహస్థులకు దిగులే. కుర్రకారు కంచెల గేట్లు ఊడదీసి దాచేవారు, బండ్లను విడదీసి కప్పులెక్కించేవారు, పెరటి మరుగుదొడ్లను పడదోసేవారు, కిటికీలకు సబ్బు పులిమేవారు. పల్లెలో ఇరుగుపొరుగు నవ్వుకొని సర్దుకొనే అల్లరి పట్నంలో ఆస్తినష్టమైంది. 1930ల ఆర్థిక మాంద్యంలో అది మరింత ముదిరింది. ట్రాము పట్టాల మీద జారుడు పూతలు, వీధిదీపాల ధ్వంసం, నిప్పు పెట్టడం దాకా పోయింది.

దానికి చాలా ఊళ్లు వెతుక్కున్న మార్గం నిషేధం కాదు, పిల్లలకు మరో పని కల్పించడం. మిన్నెసోటా రాష్ట్రంలోని అనోకా 1920లో ఊరి పిల్లలందరితో ఊరేగింపు జరిపి, చివర మిఠాయిలూ పప్పుకాయలూ పంచింది. అక్కడి వేడుక నేటికీ సాగుతోంది. అయోవా రాజధాని డిమాయిన్ మరింత విలక్షణమైన దారి పట్టింది. 1938లో అల్లరి శ్రుతి మించడంతో, అక్టోబరు 30న పిల్లలు ఇంటింటికీ వెళ్లి ఒక జోకు చెప్పి మిఠాయి పుచ్చుకొనే రాత్రిని ఏర్పరచింది. జోకు చెప్పకుండా చాక్లెట్ అడగడం ఆ నగరంలో ఇప్పటికీ మర్యాద కాదు. తెలిసో తెలియకో ఇది స్కాట్లాండ్ గైజింగ్ నియమానికి మళ్లీ ప్రాణం పోసింది.

ఇస్తారా, అల్లరి చేయమంటారా అని బెదిరించే “ట్రిక్ ఆర్ ట్రీట్” అన్న మాట 1920ల్లో కెనడా పశ్చిమ ప్రాంతాల పత్రికల్లో కనిపించి, 1930ల్లో అమెరికా అంతటా పాకింది. రెండో ప్రపంచయుద్ధంలో చక్కెర రేషను వల్ల ఆచారం కుంటుపడింది. 1947లో రేషను ఎత్తేశాక తిరిగి పుంజుకుంది. యుద్ధం ముగిశాక వెలసిన శివారు కాలనీలు దానికి సరిగ్గా అమరాయి: వరుసగా ఇళ్లు, ఇంటి ముందు పచ్చిక, నడిచి తిరగదగిన దూరాలు, ఒకే ఈడు పిల్లలు. 1951లో చార్ల్స్ షుల్జ్ ‘పీనట్స్’ వ్యంగ్యచిత్రాల్లోకి, 1952లో డిస్నీ కార్టూన్‌లోకి ఎక్కడంతో దేశంలో ఏ మూల పిల్లవాడికైనా ఆచారం ఒకటే అయింది. 1966లో టీవీలో మొదటిసారి ప్రసారమైన, ‘పీనట్స్’ పాత్ర చార్లీ బ్రౌన్ గుమ్మడికాయ కథను ఏటా కుటుంబమంతా కూర్చొని చూడడం ఎన్నో ఇళ్లలో పండుగలో భాగమైంది.

1950లో ఫిలడెల్ఫియా ప్రాంతంలో ఒక దంపతుల ఆలోచనతో, పిల్లలు ఖాళీ పాల డబ్బాల్లో చిల్లర పోగుచేసి యునిసెఫ్‌కు పంపడం మొదలైంది. అడుక్కోవడం దానంగా మారిన ఈ పద్ధతి ఇప్పటికీ అమెరికా బడుల్లో ఉంది.

## ఒక ఇంట్లో పండుగ సాగే తీరు

### గుమ్మడికాయ

సన్నాహం సాధారణంగా అక్టోబరు మధ్యలో గుమ్మడి తోటకు వెళ్లడంతో మొదలవుతుంది. గడ్డి బండి మీద తిరగడం, మొక్కజొన్న చేలో మలిచిన దారుల చిక్కులో తప్పిపోయి బయటపడడం అక్కడి కాలక్షేపాలు. చెక్కడానికి వాడే కాయ ఉత్తర అమెరికా సొంత పంట, శాస్త్రీయనామం కుకుర్బిటా పెపో. మసాచుసెట్స్ రైతు జాన్ హౌడెన్ 1960ల్లో రూపొందించిన, గట్టి కాడా లోతైన చారలూ గల రకం దీపాల కాయగా స్థిరపడింది. తెలుగు ఇళ్లలో దప్పళం పెట్టే తీపి గుమ్మడి దీనికి దగ్గరి బంధువే గాని వేరే జాతి. గుమ్మానికి దిష్టి కోసం కట్టే బూడిద గుమ్మడి మరింత దూరపుది.

కాడ చుట్టూ కత్తిని లోపలికి వాల్చి కోస్తే మూత లోపలికి జారదు. గింజలూ పీచూ గీకి తీయడం పిల్లల వంతు, కాయ మీద ముఖం గీయడమూ వాళ్లదే, కత్తి మాత్రం పెద్దవాళ్ల చేతిలో ఉంటుంది. కడిగిన గింజలకు ఉప్పు, నూనె పట్టించి వేయిస్తారు. కోసిన కాయ కొద్ది రోజుల్లోనే బూజు పట్టి కుంగిపోతుంది కాబట్టి చెక్కడం పండుగకు రెండు మూడు రోజుల ముందు పెట్టుకుంటారు. లోపల కొవ్వొత్తి బదులు బ్యాటరీ దీపం పెట్టడం ఇప్పుడు ఎక్కువ.

### వేషం

తొలి దశలో వేషమంటే పాత దుప్పటి, నాన్న కోటు, మసి. న్యూయార్క్‌కు చెందిన బెన్ కూపర్ సంస్థ 1930ల చివర నుంచి సినిమా, కామిక్స్ పాత్రల ముసుగులను పెట్టెల్లో పెట్టి చవకగా అమ్మి ఆ స్థితిని మార్చింది. ఇప్పుడు దయ్యం, మంత్రగత్తె, ఎముకలగూడు పక్కనే వ్యోమగామి, అగ్నిమాపక సిబ్బంది, సూపర్‌మ్యాన్ నిలబడతారు. అన్న వేసిన వేషం మరుసటేటికి తమ్ముడికి దిగడం, ఇంటిల్లిపాదీ ఒకే కథలోని పాత్రలుగా తయారవడం కుటుంబాల అలవాట్లు. ఇంట్లో కుట్టిన వేషాలకు ఇప్పటికీ ప్రత్యేక గౌరవం ఉంది. ఏం కావాలో పిల్లలు చెప్పడం, అట్టముక్కలతో అది సాధ్యమేనా అని పెద్దలు ఆలోచించడం, చివరి రోజు దాకా జిగురు ఆరకపోవడం, ఇవన్నీ కలిసిన వారం రోజులే ఎంతోమందికి పండుగలో బాగా గుర్తుండే భాగం.

### గడపల వెంట

చీకటి పడుతుండగా పిల్లలు సంచులో దిండు గలీబులో పట్టుకొని బయలుదేరతారు. రాతలో లేకపోయినా అందరికీ తెలిసిన కట్టుబాట్లు కొన్ని ఉన్నాయి. వాకిలి దీపం వెలుగుతుంటే రావచ్చని, ఆరి ఉంటే వద్దని అర్థం. ఇంటికి ఒక్కసారే వెళ్లాలి. ఇచ్చింది పుచ్చుకొని ధన్యవాదాలు చెప్పాలి. ఇంట్లో ఎవరూ లేకపోతే గుమ్మం ముందు గిన్నె పెట్టి, ఒకటే తీసుకోమని చీటీ రాస్తారు.

ఆ చీటీని పిల్లలు ఎంతవరకు పాటిస్తారో తెలుసుకోవడానికి మనస్తత్వవేత్త ఎడ్ డీనర్, ఆయన సహచరులు సియాటిల్‌లో 27 ఇళ్ల దగ్గర, 1,352 మంది పిల్లలను వారికి తెలియకుండా గమనించి 1976లో ఫలితాలు ప్రచురించారు. పేరూ ఊరూ అడగకుండా వదిలేసినప్పుడు, గుంపుగా వచ్చినప్పుడు పిల్లలు అదనంగా తీసుకోవడం ఎక్కువైంది. పేరు అడిగిన చోట, ఒంటరిగా వచ్చినప్పుడు తగ్గింది. ముసుగు మనిషిని ఎంత మారుస్తుందన్న ప్రశ్నకు సామాజిక మనస్తత్వశాస్త్రంలో ఇది తరచుగా ఉదహరించే ప్రయోగం. పెద్దలు తోడు వెళ్లడానికి భద్రత ఒక్కటే కారణం కాదని కూడా దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఇంటికి తిరిగొచ్చాక నేల మీద సంచి గుమ్మరించి రకాలవారీగా వేరుచేయడం, తోబుట్టువులు మార్పిడి చేసుకోవడం, రోజుకు ఎన్ని తినాలో బేరమాడుకోవడం జరుగుతాయి. పెద్దలు ముందుగా పొట్లాలు చూసి, చిరిగినవి పారేస్తారు. పంచే మిఠాయిల్లో చిన్న సైజు చాక్లెట్ బార్లదే మొదటి స్థానం. 1880ల్లో ఫిలడెల్ఫియాలో పుట్టిన, మొక్కజొన్న గింజ ఆకారపు మూడు రంగుల మిఠాయి క్యాండీ కార్న్ మాత్రం ఇష్టపడేవారినీ ఏవగించుకొనేవారినీ సమానంగా సంపాదించుకుంది.

### తరాల మధ్య మారే పాత్రలు

చంకనెక్కి వేషం వేయించుకొన్న పసివాడు, నాన్న చెయ్యి పట్టుకొని నడిచే పిల్లవాడు, తోటివారితో విడిగా తిరిగే పదేళ్లవాడు, ఇక తనకు వయసు మించిందేమోనని తటపటాయించే కౌమారుడు, చివరకు గుమ్మంలో గిన్నె పట్టుకొని పంచే గృహస్థు: ఒకే మనిషి ఈ వరుసలన్నీ దాటుతాడు. పుచ్చుకొన్నవాడు ఇచ్చేవాడయ్యే ఈ క్రమమే పండుగను ఇంటి వారసత్వంగా నిలబెడుతోంది. పిల్లలు పెద్దవారై ఇల్లు విడిచిపోయిన దంపతులు కూడా ఏటా వాకిలి దీపం వెలిగించి కూర్చోవడం ఈ కారణం వల్లే. అపరిచితుల తలుపు తట్టమని పిల్లలను పెద్దలే పంపే సందర్భం అమెరికన్ జీవితంలో అరుదు. ఎదురింటివారి పేరు ఆ రాత్రే మొదటిసారి తెలుసుకొనేవారూ ఉంటారు.

## ప్రాంతీయ రూపాలు

మాన్ ద్వీపంలో హాప్ టు నా పేరుతో పిల్లలు టర్నిప్ దీపాలు పట్టుకొని పాడుతూ తిరుగుతారు. ఇంగ్లండ్‌లోని సోమర్సెట్‌లో హింటన్ సెయింట్ జార్జ్ గ్రామం అక్టోబరు చివరి గురువారం పంకీ నైట్ జరుపుతుంది. ఇంగ్లండ్‌లో మిగతా చోట్ల నవంబరు 5 నాటి గై ఫాక్స్ మంటలు చాలాకాలం హాలోవీన్‌ను వెనక్కి నెట్టాయి. ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీ నగరం 1980ల నుంచి భారీ వీధి ఉత్సవం చేస్తోంది.

అమెరికాలో డెట్రాయిట్‌ది ప్రత్యేక చరిత్ర. అక్టోబరు 30 రాత్రి అల్లరి అక్కడ ఇళ్లు తగలబెట్టే స్థాయికి చేరి, 1984లో మూడు రోజుల్లో 800కు పైగా అగ్నిప్రమాదాలు నమోదయ్యాయి. 1990ల మధ్య నుంచి వేలాది స్వచ్ఛంద కార్యకర్తలు వీధులు కాయడంతో పరిస్థితి చక్కబడింది. న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్ ఊరేగింపు ఇందుకు భిన్నమైనది. ముసుగులూ తోలుబొమ్మలూ చేసే రాల్ఫ్ లీ 1970ల తొలి సగంలో తన పిల్లల కోసం, స్నేహితుల కోసం మొదలుపెట్టిన ఇరుగుపొరుగు నడక అది. ఇప్పుడు వేలాది మంది నడిచే నగరోత్సవం.

మెక్సికోలో నవంబరు 1, 2 తేదీల్లో జరిగే మృతుల దినాలను హాలోవీన్‌గా పొరబడకూడదు. ఇంట్లో పీఠం పెట్టి గతించినవారికి బంతిపూలు, ఇష్టమైన వంటలు సమర్పించే ఆ ఆచారాన్ని యునెస్కో 2008లో తన మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. జపాన్‌లో 1997లో టోక్యో డిస్నీల్యాండ్ వేడుకలతో మొదలైన ప్రచారం ఎక్కువగా యువత వీధి సంబరంగా ఎదిగింది. దక్షిణ కొరియా రాజధాని సోల్‌లోని ఇటేవన్ సందుల్లో హాలోవీన్ సంబరాల రద్దీలో 2022 అక్టోబరు 29న జరిగిన తొక్కిసలాటలో 150 మందికి పైగా మరణించారు.

## భద్రత: భయాలు, వాస్తవాలు

అపరిచితులు మిఠాయిల్లో విషమో బ్లేడో పెడతారన్న భయం 1970ల నుంచి అమెరికన్ తల్లిదండ్రులను వెంటాడింది. 1974లో టెక్సస్‌లో ఎనిమిదేళ్ల బాలుడు సయనైడ్ కలిపిన మిఠాయి తిని చనిపోయాడు. విషం పెట్టింది అపరిచితుడు కాదు, బీమా సొమ్ము కోసం కన్నతండ్రే. 1982లో చికాగో ప్రాంతంలో నొప్పి మాత్రల్లో సయనైడ్ కలిసి మరణాలు సంభవించడం ఆ భయాన్ని పెంచింది. సామాజిక శాస్త్రవేత్త జోయెల్ బెస్ట్ 1958 నుంచి పత్రికల్లో వచ్చిన వార్తలను ఒక్కొక్కటిగా పరిశీలించి 1985లో తొలి ఫలితాలు ప్రచురించాడు. ఇంటింటికీ తిరిగి తెచ్చుకొన్న మిఠాయిలో అపరిచితుడు పెట్టిన విషం వల్ల పిల్లవాడు చనిపోయిన ఘటన ఒక్కటీ నిర్ధారణ కాలేదు.

నిజమైన ప్రమాదం వేరే చోట ఉంది. 1975 నుంచి 2016 వరకు అమెరికా రోడ్డు ప్రమాదాలను పరిశీలించిన ఒక వైద్య పత్రికా అధ్యయనంలో, వారం ముందటి, వారం తర్వాతి సాయంత్రాలతో పోలిస్తే హాలోవీన్ సాయంత్రం పాదచారులు మరణించే ముప్పు 43 శాతం ఎక్కువని తేలింది. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల్లో ఈ తేడా అత్యధికం. ముదురు రంగు వేషాలు, చూపును అడ్డుకొనే ముసుగులు, ఆగి ఉన్న కార్ల మధ్య నుంచి ఒక్కసారిగా వీధి దాటడం కారణాలు. అందుకే మెరిసే పట్టీలు అంటించడం, టార్చిలైటు పట్టుకోవడం, ముసుగుకు బదులు ముఖానికి రంగు వేయడం సూచిస్తారు.

పల్లీలు, పాలు వంటివి పడని పిల్లల కోసం నీలాకుపచ్చ రంగు పూసిన గుమ్మడికాయను గుమ్మం ముందు పెట్టడం 2014లో దేశవ్యాప్త కార్యక్రమమైంది. ఆ ఇంట్లో తినుబండారం కాని చిన్న బొమ్మలో స్టిక్కర్లో దొరుకుతాయని దాని భావం. 2020 కరోనా కాలంలో కొన్ని ఇళ్లవారు మెట్ల పక్కన పీవీసీ గొట్టం కట్టి, పైనుంచి చాక్లెట్లు జారవిడిచారు.

## మత దృక్పథాలు

కేథలిక్ చర్చి దృష్టిలో ఇది పండుగకు ముందటి జాగరణ దినం. కొన్ని పారిష్‌లలో పిల్లలకు పునీతుల వేషాలు వేస్తారు. లూథరన్లకు అక్టోబరు 31 సంస్కరణ దినం, 1517లో మార్టిన్ లూథర్ తన వాదాంశాలను వెల్లడించిన తేదీ. యెహోవా సాక్షులు హాలోవీన్ పాటించరు. పలు ఇవాంజెలికల్ కుటుంబాలు దయ్యాల ప్రసక్తి తగదని దూరంగా ఉంటాయి, లేదా చర్చి ఆవరణలో పంటల పండుగ పెట్టుకుంటాయి. కార్లు వరుసగా నిలిపి, డిక్కీలు అలంకరించి పిల్లలకు మిఠాయిలు పంచే పద్ధతి ఇలాంటి చర్చి ప్రాంగణాల్లోంచే వ్యాపించింది. ఇళ్లు దూరదూరంగా ఉన్న చోట్ల ఇది ఉపయోగమేగాని, గడప దాటి గడపకు వెళ్లే అనుభవం అందులో ఉండదు.

## ఆర్థిక ప్రభావం

అమెరికా జాతీయ చిల్లర వర్తకుల సమాఖ్య సర్వే ప్రకారం 2023లో హాలోవీన్ ఖర్చు అంచనా 1,220 కోట్ల డాలర్లు. మిఠాయిలు, వేషాలు, అలంకరణ ఇందులో ప్రధాన పద్దులు. పెంపుడు కుక్కల వేషాలకు కూడా విడిగా లెక్క ఉంటుంది.

## తెలుగువారూ హాలోవీనూ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ క్రైస్తవులు నవంబరు 2ను సమాధుల పండుగగా పాటిస్తారు. సమాధులకు సున్నం వేసి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థిస్తారు. హాలోవీన్ ఏ పండుగల వరుసలో పుట్టిందో ఆ వరుసలోదే ఇది. ముందటి రాత్రి వేషాలు మాత్రం ఇక్కడికి రాలేదు. హిందూ ఆచారాల్లో మహాలయ పక్షం, తెలంగాణలో పెత్రమాస, దీపావళినాడు పితృదేవతలకు దారి చూపుతాయని ఎత్తే దివిటీలు ఈ ఋతువులోనే వస్తాయి. పోలిక ఉన్నంత మాత్రాన చారిత్రక సంబంధం ఉన్నట్టు కాదు. సంక్రాంతి హరిదాసులు, పగటివేషగాళ్లు ఇంటింటికీ రావడం కూడా అలాంటిదే. వారిది వంశపారంపర్య కళ, వృత్తి.

అసలైన సంబంధం ప్రవాసంలో ఏర్పడింది. 1965 వలస చట్టం తర్వాత అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు హాలోవీన్ పిల్లల బడి ద్వారా ఇంట్లోకి వచ్చింది. దసరా బొమ్మల కొలువు, బతుకమ్మ ముగిసిన కొద్ది రోజులకు హాలోవీన్, దాని ముందో వెనకో దీపావళి, నవంబరు చివర థాంక్స్‌గివింగ్: శరదృతువు అంతా ఇలా పండుగలతో నిండిపోతుంది. 2024లో దీపావళి, హాలోవీన్ ఒకే రోజు పడ్డాయి. వాకిట్లో ప్రమిదల పక్కన గుమ్మడి దీపాలు పెట్టి, పట్టుబట్టలతో పూజ ముగించి పిల్లలకు వేషాలు మార్చిన ఇళ్లు ఆ ఏడాది ఎన్నో. శాకాహార కుటుంబాలకు మరో పని ఉంటుంది. జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ చాలా గమ్మీల్లో, క్యాండీ కార్న్‌లో ఉంటుంది కనుక తెచ్చిన మిఠాయిలను లేబుల్ చదివి ఏరతారు. వేసవికి వచ్చి ఉండిపోయిన తాతయ్యలు, అమ్మమ్మలు గుమ్మంలో కూర్చొని పంచేవారవుతారు. భాష రాకపోయినా చేయగలిగిన పని కావడం వల్ల ఈ బాధ్యత వారికి ఇష్టంగానే ఉంటుంది.

హైదరాబాద్ వంటి నగరాల్లో కొన్ని బడులు, గేటెడ్ కమ్యూనిటీలు కూడా ఈ మధ్య అక్టోబరు చివర పిల్లల వేషాల సాయంత్రాలు పెడుతున్నాయి. అమెరికాలో ఉద్యోగం చేసి తిరిగొచ్చిన కుటుంబాలు వీటికి తరచుగా పూనుకుంటాయి. అపార్ట్‌మెంట్లలో వాకిలి దీపం ఏర్పాటు పనికిరాదు, వరండా దీపాలు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయి. అందువల్ల ఏ ఫ్లాటుకు వెళ్లవచ్చో ముందుగా వాట్సాప్ గ్రూపులో జాబితా తయారుచేసుకుంటారు, లేదా తలుపు మీద గుమ్మడికాయ బొమ్మ అంటిస్తారు.